ఇంగ్లీషు చాలని ఎవరన్నారు?

జర్మనీ పేరెత్తగానే తెలుగు ఇళ్లలో ఇప్పుడు మూడు మాటలు వరసగా వినిపిస్తాయి. ఫీజు లేదు. కోర్సంతా ఇంగ్లీషులోనే. జర్మన్ భాషంటారా, అక్కడికి వెళ్లాక అదే వస్తుంది. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ బల్ల ముందు కూర్చున్నా, పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి బంధువును కదిపినా ఇవే మాటలు. అమెరికా చదువు ఖర్చు విని గుండె జారిన తండ్రికి ఇవి ఎంత ఊరటనిస్తాయో చెప్పక్కర్లేదు. 2022-23 శీతాకాల సెమిస్టర్‌లో జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులు చైనావాళ్లను దాటి మొదటి స్థానానికి చేరారు. మరుసటి ఏటికి వాళ్ల సంఖ్య 49 వేలు దాటింది.

ఆ మూడు మాటల్లో మొదటిది సగం నిజం. రెండోది తరగతి గది గుమ్మం దాకానే నిజం. మూడోది, బిజినెస్ చదవబోయే విద్యార్థి విషయంలో, నిజం కానే కాదు.

బిజినెస్ విద్యార్థి అని విడిగా చెప్పడానికి కారణం ఉంది. జర్మనీ వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది ఇంజనీరింగ్, కంప్యూటర్ వైపు వాళ్లు. సలహాలన్నీ వాళ్ల అనుభవంలోంచే పుట్టాయి. అవే సలహాలను బీకామ్, బీబీఏ చదివిన పిల్లలకూ, బీటెక్ అయ్యాక మేనేజ్‌మెంట్ వైపు మళ్లుదామనుకునే వాళ్లకూ యథాతథంగా అంటగడుతున్నారు. ఒకరి కొలతకు కుట్టిన చొక్కా మరొకరికి తొడిగితే ఏమవుతుందో అదే అవుతోంది.

ఈ నమ్మకం ఎక్కడ మొదలైందో చూస్తే దాని బలహీనత తెలుస్తుంది. 2000 సంవత్సరంలో హానోవర్‌లో జరిగిన సీబిట్ కంప్యూటర్ ప్రదర్శనలో అప్పటి చాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ గ్రీన్‌కార్డ్ పథకం ప్రకటించారు. ఆ ఆగస్టులోనే అమల్లోకి వచ్చింది. బయటి దేశాల ఐటీ నిపుణులకు 20 వేల చోట్లు. ఇండియన్లను తెచ్చుకునే బదులు మన పిల్లలకే నేర్పుదామంటూ యూర్గెన్ ర్యూట్‌గర్స్ అనే ప్రతిపక్ష నాయకుడు నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా ఎన్నికల్లో ప్రచారం చేసి, ఓడిపోయారు. అలా వెళ్లిన ప్రోగ్రామర్లకు జర్మన్ రాకపోయినా పని ఆగలేదు. కోడ్‌కి భాష వేరే ఉంది, టీముకి ఇంగ్లీషు ఉంది. జర్మనీలో ఇంగ్లీషు చాలన్న మాటకు తొలి సాక్షుల్లో వాళ్లున్నారు. వాళ్ల సాక్ష్యం అబద్ధం కాదు. దాన్ని పాతికేళ్ల తర్వాత మార్కెటింగ్ చదివే అమ్మాయికి వర్తింపజేయడమే తప్పు.

రెండో సాక్షి ఎక్స్‌ఛేంజ్ విద్యార్థి. మన ఐఐఎంల నుంచి ఒక టర్మ్ కోసం మాన్‌హైమ్‌కో, వియన్నా ఆర్థిక విశ్వవిద్యాలయానికో, స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్‌కో వెళ్లి వచ్చేవాళ్లున్నారు. నాలుగు నెలలు. గది విషయంలో అక్కడి ఎక్స్‌ఛేంజ్ ఆఫీసు సాయం ఉంటుంది, క్రెడిట్లు ఇక్కడికి బదిలీ అవుతాయి, ఉద్యోగం వెతుక్కోవలసింది ముంబయిలోనో బెంగళూరులోనో. అలాంటివాడికి నిజంగానే ఇంగ్లీషు చాలు. కాఫీ అడగడానికి నాలుగు జర్మన్ ముక్కలు నేర్చుకుంటే అది సరదా. కానీ అతను తిరిగొచ్చి చెప్పే కబుర్లు విని, రెండేళ్ల డిగ్రీకి అప్పు చేసి వెళ్లేవాడు తన ప్రయాణాన్ని కొలుచుకుంటే? అతిథికీ కాపురానికి వచ్చినవాడికీ ఇల్లు ఒకేలా కనిపించదు.

ఇక సెమిస్టర్ మొదలయ్యే రోజుల్లోకి వద్దాం. జర్మన్ యూనివర్సిటీల్లో శీతాకాల సెమిస్టర్ కాగితం మీద అక్టోబరు 1న మొదలవుతుంది, తరగతులు ఆ నెల మధ్యలో. అప్లైడ్ సైన్సెస్ విద్యాసంస్థల్లో ఒక నెల ముందే. మాన్‌హైమ్ యూనివర్సిటీ తన క్యాలెండర్‌నే వేరుగా పెట్టుకుంది, అక్కడ సెప్టెంబరు మొదట్లోనే పాఠాలు. వీసా ఆలస్యమై తరగతులు మొదలయ్యాక దిగే మన పిల్లలు మొదటి రోజు నుంచే వెనకబడి ఉంటారు. దిగీదిగగానే ఎదురయ్యేది ప్రొఫెసర్ కాదు, కాగితం.

గదిలో దిగిన రెండు వారాల్లోపు పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ఫారం కావాలి. అది ఉంటేనే తర్వాతి పనులు కదులుతాయి: పన్ను నంబరు, రెసిడెన్స్ పర్మిట్, చాలా బ్యాంకుల్లో ఖాతా. ఈ కౌంటర్ల వెనక కూర్చున్నవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు వచ్చు. కానీ మాట్లాడాలన్న నియమం లేదు. జర్మనీ పాలనా ప్రక్రియ చట్టం 23వ సెక్షన్ ఒక చిన్న వాక్యంతో మొదలవుతుంది: అధికార భాష జర్మన్. అంతే. కౌంటర్‌లో మనిషి మంచివాడైతే ఇంగ్లీషులో సాయం చేస్తాడు, ఆ రోజు చిరాగ్గా ఉంటే చేయడు. హక్కుగా దొరకవలసిన పని ఇంకొకరి మూడ్ మీద ఆధారపడటం ఎంత చికాకో మన దగ్గర ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ నమోదు అయిన కొన్ని వారాలకు ఇంటికి ఒక ఉత్తరం వస్తుంది. జర్మన్‌లో. ప్రకటన కాగితం అనుకుని చాలామంది పక్కన పడేస్తారు. అది ప్రభుత్వ రేడియో, టీవీల కోసం ప్రతి ఇల్లూ కట్టవలసిన రుసుము: నెలకు 18.36 యూరోలు. ఇంట్లో టీవీ లేదు, చూసినా అర్థం కాదు అంటే కుదరదు. ఇల్లంటూ ఉంటే కట్టాలి. ఒక ఫ్లాట్‌లో నలుగురుంటే ఒకరు కడితే చాలన్న సంగతీ ఆ ఉత్తరం చదివితేనే తెలిసేది. కొన్ని నెలల తర్వాత బకాయి, దాని మీద జరిమానాతో రెండో ఉత్తరం వస్తుంది, అదీ జర్మన్‌లోనే. జర్మనీ ఇవాళ్టికీ పోస్టు మీద నడిచే దేశం. ఇన్సూరెన్సు, ఇంటి అద్దె, ఫోన్ కాంట్రాక్టు, అన్నీ ఉత్తరాలే. ఫోన్‌లో అనువాదం చేసే యాప్ ఉందిగా అంటారు. ఉంది. ఉత్తరంలో ఏముందో అది చెబుతుంది. గడువులోపు అభ్యంతరం తెలుపుతూ జవాబు ఎలా రాయాలో, రాయకపోతే ఏమవుతుందో తెలుసుకోవడం చదివేవాడి పని.

గది దొరకడం ఇంకో కథ. విద్యార్థి హాస్టళ్లకు పెద్ద ఊళ్లలో వెయిటింగ్ లిస్టు చాంతాడంత. మిగిలింది నలుగురైదుగురు కలిసుండే ఫ్లాట్లు. అక్కడ గది ఖాళీ అయితే ఉన్నవాళ్లే కొత్తవాళ్లను పిలిచి, మాట్లాడి, నచ్చినవాళ్లను ఎంచుకుంటారు. ఒకరకంగా పెళ్లిచూపులే. ఇంగ్లీషులో పంపిన సందేశానికి జవాబు రాదని కాదు. అదే గదికి జర్మన్‌లో పంపినవాళ్లు పదుల్లో ఉన్నప్పుడు ఎవరికి వస్తుందో ఊహించడం కష్టం కాదు. చివరికి ఏమవుతుంది? తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక మంచం ఖాళీ అని తెలుస్తుంది, బ్యాగులు అక్కడికి చేరతాయి. ఆ ఇంట్లో పప్పు ఉంటుంది, ఆప్యాయత ఉంటుంది, పండగలుంటాయి. జర్మన్ మాత్రం ఉండదు. అక్కడికి వెళ్లాక భాష అదే వస్తుందన్న మాట మొదటి దెబ్బ తినేది ఆ గుమ్మంలోనే.

సరే, తరగతి గదిలో అయినా ఇంగ్లీషు చాలా? పాఠం ఇంగ్లీషులోనే, నిజమే. పరీక్ష నియమావళి మాత్రం జర్మన్‌లో. చాలా యూనివర్సిటీలు ఇంగ్లీషు అనువాదం కూడా ఇస్తాయి. దాని మీద ఒక చిన్న గమనిక ఉంటుంది: ఇది తెలుసుకోవడం కోసమే, చట్టరీత్యా చెల్లేది జర్మన్ ప్రతి మాత్రమే. ఆ నియమావళి చదవకపోతే ఏం పోతుందో మనవాళ్లకు జనవరిలో తెలుస్తుంది. మన దగ్గర ఫీజు కట్టి క్లాసుకు వెళితే హాల్ టికెట్ దానంతటదే వస్తుంది. అక్కడ కోర్సులో చేరడం వేరు, పరీక్షకు పేరు నమోదు చేసుకోవడం వేరు. రెండోదానికి కొద్ది వారాల గడువు ఉంటుంది. అది దాటితే ఆ సెమిస్టర్‌కి ఆ పరీక్ష లేనట్టే. మార్కులేమో 1.0 నుంచి 5.0 వరకు, తక్కువ వస్తే గొప్ప, 4.0 దాటితే ఫెయిల్. ఒకే పరీక్ష రాయడానికి చాలాచోట్ల మూడే అవకాశాలు. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారీ పోతే ఆ యూనివర్సిటీ నుంచి పేరు తీసేస్తారు. అదే కోర్సును ఇంకో ఊళ్లో చదువుకోవడానికీ చాలా సందర్భాల్లో దారి మూసుకుపోతుంది. సప్లీలు రాసుకుంటూ నెట్టుకొచ్చే అలవాటుతో వెళ్లిన పిల్లలకు ఇది ఎవరూ చెప్పి పంపరు. అడ్మిట్ లెటర్ వచ్చిన రోజుతో కన్సల్టెన్సీ బాధ్యత తీరిపోతుంది.

ఇవన్నీ ఇంజనీరింగ్ విద్యార్థికీ ఉన్నవే కదా అనొచ్చు. ఉన్నవే. తేడా ఇక్కడి నుంచి మొదలవుతుంది.

యంత్రం ఏ దేశంలోనైనా ఒకే భౌతిక సూత్రానికి తిరుగుతుంది. వ్యాపారం అలా తిరగదు. అది చట్టం మీద, పన్ను మీద, ఒప్పందం మీద, ఎదుటి మనిషి మీద నడుస్తుంది. జర్మనీలో ఆ నలుగురూ జర్మన్ మాట్లాడతారు. 1897లో చేసి 1900 జనవరి 1 నుంచి అమలు చేసిన జర్మన్ వాణిజ్య నియమావళిని ఇవాళ్టికీ సవరించుకుంటూ వాడుతున్నారు. దాని 244వ సెక్షన్ ప్రకారం కంపెనీ వార్షిక లెక్కలు జర్మన్ భాషలో, యూరోల్లో తయారు చేయాలి. ఇంగ్లీషు ప్రతి వాటాదారుల కోసం విడిగా వేసుకోవచ్చు, చట్టం అడిగేది జర్మన్ ప్రతినే. అకౌంటెన్సీ, ఆడిట్, పన్నులు, కంట్రోలింగ్ అనే మాటలు సీవీలో రాసుకునే విద్యార్థి ఈ ఒక్క సెక్షన్ తెలుసుకుంటే ఇంగ్లీషు చాలన్నవాళ్లతో వాదన అక్కర్లేదు.

చిన్న, మధ్యతరహా కంపెనీల లెక్కలు చూసే పన్ను సలహాదారుల ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే సాఫ్ట్‌వేర్ డాటెవ్. 1966లో న్యూరెంబర్గ్‌లో పన్ను సలహాదారులే సహకార సంఘంగా పెట్టుకున్న సంస్థ అది. ఖాతాలకు ఎస్‌కేఆర్ 03, ఎస్‌కేఆర్ 04 అని ప్రామాణిక నంబర్ల పట్టికలుంటాయి. ఇలా ఖాతాలను ఒక క్రమంలో పెట్టాలన్న ఆలోచనను 1927లో పుస్తకంగా తెచ్చినవాడు కొలోన్ ప్రొఫెసర్ ఓయ్‌గెన్ ష్మాలెన్‌బాఖ్. అకౌంట్స్ అసిస్టెంట్‌గా వారానికి 20 గంటల పని దొరకాలన్నా ఆ పట్టికల భాష రావాలి.

జర్మన్ బిజినెస్ చదువు హార్వర్డ్ నుంచి తెచ్చుకున్న నకలు కాదన్న విషయం కూడా మనవాళ్లు గమనించరు. లైప్‌జిగ్ వాణిజ్య కళాశాల, వియన్నాలో ఇవాళ్టి ఆర్థిక విశ్వవిద్యాలయంగా ఎదిగిన ఎగుమతి అకాడమీ, సెయింట్ గాలెన్ విద్యాసంస్థ, ఈ మూడూ ఒకే ఏడాది, 1898లో, పుట్టాయి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ కంటే పదేళ్లు ముందు. మూడు జర్మన్ భాషా దేశాల్లోనూ సంస్థ నిర్వహణ అంటే ఏమిటో చెప్పే సొంత సంప్రదాయం ఒకటి సొంత భాషలో సాగుతూ వచ్చింది. మార్కెట్లో ఉన్న కంపెనీ మేనేజర్లలో చాలామంది ఆ బడిలోంచి వచ్చినవాళ్లే.

మనుషుల సంగతి చూడండి. హెచ్ఆర్ చదువుతానంటుంది గుంటూరు నుంచి వెళ్లిన ఒక అమ్మాయి అనుకుందాం. జర్మనీలో అయిదుగురు ఉద్యోగులున్న సంస్థలోనైనా ఉద్యోగులు తమ ప్రతినిధి మండలిని ఎన్నుకోవచ్చు. అది ఏర్పడ్డాక ఉద్యోగులను తీసేయాలన్నా, పని వేళలు మార్చాలన్నా యాజమాన్యం దాన్ని పక్కన పెట్టలేదు. 2,000 మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీల్లో పర్యవేక్షక బోర్డులో సగం కుర్చీలు ఉద్యోగుల వైపువి, 1976 చట్టం ప్రకారం. అంటే హెచ్ఆర్ పనిలో ముఖ్యమైన భాగం ఈ ప్రతినిధులతో కూర్చుని ఒప్పించడమే. ఫ్యాక్టరీ షాప్‌ఫ్లోర్ నుంచి ఎన్నికై వచ్చిన ఫోర్‌మన్‌తో రాత్రి షిఫ్టు భత్యం గురించి ఇంగ్లీషులో బేరమాడమంటే ఆయన వినడు. వినవలసిన అవసరమూ ఆయనకు లేదు.

ఇక్కడ ఎదుటివాదం వాళ్లు ఫోక్స్‌వాగన్ పేరు తెస్తారు. 2016 డిసెంబరులో ఆ కంపెనీ ఇంగ్లీషును తన అధికార భాషగా ప్రకటించింది. అది నిజమే. ప్రకటించగానే జర్మన్ భాషా సంస్థ ఒకటి కోపంతో ఆ కంపెనీ షేర్లు అమ్మేసుకుంది కూడా. ఆ నిర్ణయానికి కారణం పై స్థాయి మేనేజర్లను ప్రపంచమంతటి నుంచీ తెచ్చుకోవడం. కొత్తగా డిగ్రీ చేతపట్టుకున్న పిల్లాడు చేరేది పై స్థాయిలో కాదు. అదే ఫోక్స్‌వాగన్‌లో 2024 డిసెంబరులో 2030 నాటికి 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించే ఒప్పందం కుదిరింది. కంపెనీతో కూర్చుని దాన్ని తేల్చింది ఉద్యోగుల ప్రతినిధులు, ఐజీ మెటల్ కార్మిక సంఘం. ఆ గదిలో జర్మన్ రానివాడికి కుర్చీ ఎందుకు?

బెర్లిన్ స్టార్టప్‌లు ఉన్నాయి కదా అన్నది రెండో ఎదురువాదం. ఉన్నాయి. జలాండో, డెలివరీ హీరో లాంటి కంపెనీల్లో పని భాష ఇంగ్లీషే. అయితే రెండు సంగతులు. 2023 మొదట్లో ఈ రెండూ ఉద్యోగాల కోత ప్రకటించాయి. అంతకంటే ముఖ్యం, అక్కడ ఇంగ్లీషు ఎవరికీ అదనపు అర్హత కాదు. మార్కెటింగ్ ఉద్యోగానికి ఇంగ్లీషు ఒక్కటే చాలంటే స్పెయిన్, ఇటలీ, పోలండ్, గ్రీస్ పిల్లలంతా అదే వరసలో నిలబడతారు. వాళ్లకు ఇంగ్లీషుతో పాటు ఇంకో యూరప్ భాష వచ్చు, వర్క్ పర్మిట్ గొడవ లేదు. కంప్యూటర్ విద్యార్థికి చేతిలో కోడ్ ఉంటుంది, కొరత ఉన్న నైపుణ్యం అది. బిజినెస్ విద్యార్థి చేతిలో ఉండేది మాట. ఆ మాట స్థానికులకు అర్థమయ్యే భాషలో లేకపోతే వరసలో చివరే.

పైగా జర్మన్ వ్యాపారమంటే బెర్లిన్, మ్యూనిక్ మాత్రమే కాదు. హెర్మన్ సైమన్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు 1990 నుంచీ రాస్తూ వచ్చిన సంగతి ఇది: పేరు తెలియని మధ్యతరహా కంపెనీలు తమ చిన్న రంగంలో ప్రపంచంలోనే ముందుంటాయి. అలాంటివి ఆయన లెక్కలో జర్మనీలోనే 1,300కు పైగా. చాలావరకు కుటుంబ సంస్థలు, చిన్న ఊళ్లలో. స్క్రూలూ పనిముట్లూ అమ్మే వ్యూర్త్ ఉండేది కూన్‌సెల్‌సావులో. నీటి పీడనంతో శుభ్రం చేసే యంత్రాల కేర్‌షర్ విన్నెండెన్‌లో. చెన్నై మెట్రో సొరంగాలకు యంత్రాలిచ్చిన హెరెన్‌క్‌నెష్ట్ ష్వానావులో. ఇవి ఊళ్లు, నగరాలు కావు. వీటికి ఇండియా మార్కెట్ తెలిసిన కుర్రాళ్లు కావాలి, నిజంగా కావాలి. అందుకే ఇంత దూరం వచ్చి చదివిన తెలుగు విద్యార్థికి అసలైన అవకాశం అక్కడ ఉంది. ఆ తలుపుకున్న తాళం జర్మన్.

ఇప్పుడు మొదటి మాట, ఫీజు లేదన్నది. ఇంగ్లీషు చాలన్నవాడికే ఫీజు ఎక్కువ పడుతుందన్న సంగతి ఎవరూ చెప్పరు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో మామూలు మాస్టర్స్ చదవాలంటే డిగ్రీలో బిజినెస్, ఎకనామిక్స్ సబ్జెక్టుల క్రెడిట్లు ఇన్ని ఉండాలని లెక్క పెడతారు. బీటెక్ వాళ్లు చాలావరకు అక్కడే రాలిపోతారు. మిగిలేది ఎంబీఏ. దానికి ఉద్యోగ అనుభవం అడుగుతారు, ప్రభుత్వ యూనివర్సిటీ అయినా ఫీజు వసూలు చేస్తుంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ ఇంజనీరింగ్ పట్టభద్రుల కోసమే ఇంగ్లీషులో మేనేజ్‌మెంట్ మాస్టర్స్ నడుపుతోంది. కానీ 2024-25 శీతాకాలం నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకు మాస్టర్స్ ఫీజు సెమిస్టర్‌కి 4,000 లేదా 6,000 యూరోలు. మాన్‌హైమ్ ఉన్న బాడెన్ వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచే సెమిస్టర్‌కి 1,500 తీసుకుంటోంది. ఆస్ట్రియాలో ప్రభుత్వ యూనివర్సిటీ ఫీజు సెమిస్టర్‌కి 726.72 యూరోలు. ఇవేవీ అందనివాళ్లు ప్రైవేటు సంస్థల్లో చేరతారు. కన్సల్టెన్సీలు ముందుకు తోసేదీ చాలాసార్లు వీటినే, కమిషన్ వచ్చేది అక్కడి నుంచి గనక. అందులోనూ కొన్ని పాఠాలు సగం ఆన్‌లైన్‌లో పెడతాయి. ఆన్‌లైన్ చదువుకి స్టూడెంట్ పర్మిట్ వర్తించదని విద్యార్థికి తెలిసేది డబ్బు కట్టాకే.

మన సర్టిఫికెట్లు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18,000 రూపాయలు, వీసాకి ఖర్చుల డబ్బు చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992. ఈ లెక్కలు ఇంటింటా నోటికొచ్చు. భాషకు ఎంత పెట్టారు, ఎన్ని గంటలు పెట్టారు అంటే మాత్రం జవాబుండదు.

ఎన్ని గంటలు అన్నదే అసలు ప్రశ్న. గోథే ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం జర్మన్‌లో బీ2 స్థాయికి (ఏ1 తొలి మెట్టు, తర్వాత ఏ2, బీ1, బీ2) చేరడానికి 45 నిమిషాల తరగతులు 600 నుంచి 800 దాకా పడతాయి. ఇక మాస్టర్స్ సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని అని లెక్క. అంటే సెమిస్టర్‌లో 750 గంటలు తక్కువ కాకుండా చదువుకే పోతాయి. దాని పక్కన పార్ట్‌టైమ్ పని. చట్టం ఏడాదికి 140 పూర్తి రోజులు అనుమతిస్తుంది. జర్మన్ రానివాడికి దొరికేది గిడ్డంగిలో డబ్బాలు మోయడం, సైకిల్ మీద భోజనం చేరవేయడం, రెస్టారెంట్ వంటింట్లో గిన్నెలు కడగడం. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు కాబట్టి అద్దె గడుస్తుంది. పని పనే, అందులో చిన్నతనం లేదు. కానీ రాత్రి పదకొండింటికి గిడ్డంగి నుంచి వచ్చినవాడు జర్మన్ వ్యాకరణం తీస్తాడా? అక్కడికి వెళ్లాక నేర్చుకుంటాడని ఏ లెక్క మీద చెబుతున్నారు?

అదే బీ1తో దిగినవాడు అయితే మొదటి సెమిస్టర్‌లోనే ఏ పన్ను సలహాదారు ఆఫీసులోనో, కంపెనీ కొనుగోళ్ల విభాగంలోనో వర్కింగ్ స్టూడెంట్ పనికి దరఖాస్తు పెట్టగలడు. గంటకు దొరికే డబ్బు దాదాపు అంతే కావచ్చు. కానీ ఆ పని రెండేళ్ల తర్వాత సీవీలో ఉంటుంది, చాలాసార్లు ఆ ఆఫీసే ఉద్యోగం ఇస్తుంది. గిడ్డంగిలో గడిపిన రెండేళ్లు సీవీలో రాయడానికి ఉండవు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చేది 18 నెలలు. అందులో మొదటి ఆరు నెలలు జర్మన్ నేర్చుకోవడానికి ఖర్చు చేసే పిల్లలు ఎందరో. అందుకే బిజినెస్ విద్యార్థి భవిష్యత్తు చివరి సెమిస్టర్‌లో తేలదు. మొదటి అక్టోబరులోనే తేలిపోతుంది.

జర్మనీ వద్దు, వియన్నాలో ఉంటానంటే అక్కడ జర్మన్ యాస వేరు. సెయింట్ గాలెన్ అయితే పుస్తకంలో నేర్చిన జర్మన్ వీధిలో సగమే అర్థమవుతుంది, స్థానికులు మాట్లాడుకునేది స్విస్ మాండలికం. యూరప్ బయటి విద్యార్థికి స్విట్జర్లాండ్‌లో మొదటి ఆరు నెలలు పని చేయడానికే అనుమతి లేదు, ఆ తర్వాత వారానికి 15 గంటలు. ఈ రెండు దేశాలూ జర్మనీ కంటే సులభమని కొందరు చెబుతున్నారు. భాష విషయంలో ఒక్క మెట్టు కూడా సులభం కాదు.

స్థిరపడే విషయంలోనూ చట్టం జర్మన్ వైపే ఉంది. డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే బ్లూకార్డ్ ఉన్నవాళ్లకు శాశ్వత నివాసం ఏ1 స్థాయితో 27 నెలలకు, బీ1తో 21 నెలలకు. జర్మన్ డిగ్రీతో ఉద్యోగంలో చేరినవాళ్లు రెండేళ్ల తర్వాత అడగాలన్నా బీ1 చూపించాలి. ఆ దేశం తన భాష వచ్చినవాళ్లు తనకు కావాలని ఇంత స్పష్టంగా రాసిపెట్టుకుంటే, మనం మాత్రం అక్కర్లేదట అని చెప్పుకు తిరుగుతున్నాం.

భాష నేర్చుకుంటూ కూర్చుంటే ఏడాది పోతుంది కదా అని తల్లిదండ్రుల భయం. ఆ ఏడాది హైదరాబాద్‌లో గోథే సెంట్రమ్‌లోనో, ఇంకేదైనా మంచి బడిలోనో ఇంటి తిండి తింటూ గడిస్తే అయ్యే ఖర్చెంత? జర్మనీలో అదే ఏడాదికి బ్లాక్డ్ అకౌంట్ లెక్కన 12 లక్షల రూపాయల చుట్టుపక్కల. పోయేది ఏడాది కాదు, ఎక్కడ గడపాలన్నదే తేడా. కాబట్టి వచ్చే అక్టోబరుకి బిజినెస్ చదవడానికి వెళ్లాలనుకునేవాళ్లు ఏపీఎస్‌కి కాగితాలు పంపే వారమే జర్మన్ తరగతిలో పేరు రాయించుకోండి. కన్సల్టెన్సీ వాళ్లు ఇంగ్లీషు చాలంటే, ఎవరికి చాలిందో, ఏ కోర్సు చదివినవాళ్లకి చాలిందో, ఇప్పుడు వాళ్లు ఏ పనిలో ఉన్నారో అడగండి. వీసా స్లాట్ దొరికేనాటికి బీ1 పాస్ కాకపోతే ఒక ఇంటేక్ ఆగండి. శీతాకాల సెమిస్టర్ ప్రతి అక్టోబరులోనూ వస్తుంది.